సింబల్ గారికో బహిరంగ లేఖ

మహారాజశ్రీ సింబల్ గారికి,

ప్రోగ్రాముల్లో పేర్లుగా పనిచేసే తమరు, నేను ఉత్త పేరునే అంటారు. కామన్ లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో తమ మూట విప్పితే ఐదు అరలు బయటపడ్డాయి: పేరు, విలువ, ఫంక్షన్, ప్రాపర్టీ లిస్ట్ (అదనపు గుణాల జాబితా), ప్యాకేజీ (తమరు చెందిన పేర్ల సంచి). 64 బిట్ యంత్రంలో అరకు 8 బైట్లు వేసుకున్నా 40 బైట్లు. హెడర్ వేరే, పేరులోని అక్షరాలు వేరే. ఎరుపు, పసుపు అని రంగులు గుర్తుపెట్టుకోవడానికి పిలిస్తే ఇంత సామానుతో దిగడమేమిటి?

ఇంటర్నింగ్ ఉందిగా అంటారు. పేరు కనబడగానే కోడ్ చదివే రీడర్ పేర్ల పట్టిక (హాష్ టేబుల్) వెతికి, ఉంటే పాతదాన్నే ఇస్తుంది, లేకుంటే కొత్తది పుట్టించి దాస్తుంది. పోల్చాలంటే రెండు పాయింటర్లు (మెమరీ చిరునామాలు) చూస్తే చాలు. ఆ మేలు కాదనం. కానీ చదివిందల్లా దాచే గుణమే కొంప ముంచుతోంది. ప్యాకేజీని తెచ్చుకోకముందే రెపుల్‌లో (కోడ్ కొట్టగానే నడిపి చూపే చోట) దాని ఫంక్షన్ పేరు కొట్టామా, తమరు మా ప్యాకేజీలో అదే పేరుతో ఓ దిష్టిబొమ్మను నిలబెడతారు. తర్వాత ఆ ప్యాకేజీని తెచ్చుకుందామని యూజ్-ప్యాకేజ్ అంటే పేర్లు ఢీకొన్నాయని గోల. బొమ్మను అన్‌ఇంటర్న్ చేసి (ప్యాకేజీలోంచి తీసేసి) మళ్లీ మొదలుపెట్టాలి. బయటినుంచి వచ్చిన డేటాను రీడ్ ఫంక్షన్ చేతికిస్తే ఇంకా ఘోరం: ప్రతి అక్షరదోషానికీ ప్యాకేజీలో శాశ్వత సభ్యత్వం! వాడని మెమరీని ఊడ్చే గార్బేజ్ కలెక్టర్ కూడా ముట్టుకోదు. టేబుల్‌ను వీక్‌గా (వేరెవరూ వాడని పేర్లను ఊడ్చేయనిచ్చేలా) ఉంచొచ్చు, రాకెట్ అనే లిస్ప్ భాష అలాగే చేస్తుంది. కానీ విలువా ప్రాపర్టీలూ తమ అరల్లోనే ఉంటే, ఖాళీ సింబల్‌నే ఏరిపారేయాలి. ఆ తనిఖీ మరిచిన రోజున పేరుతోపాటు డేటా కూడా గోవిందా.

ఏ ప్యాకేజీకీ చెందని కొత్త సింబల్‌ను పుట్టించే జెన్‌సిమ్ సంగతి సరేసరి. మాక్రో (కోడ్‌ను రాసే కోడ్) విస్తరణలో ఒకే అనామకుడు రెండుచోట్ల ఉంటాడు. ఆ కోడ్‌ను ముద్రించి తిరిగి చదివితే ఇద్దరవుతారు, ఒకే వస్తువు మళ్లీ వస్తే గుర్తువేసి ముద్రించే ప్రింట్-సర్కిల్ ముందే ఆన్ చేయకపోతే.

చిన్నక్షరాలు రాస్తే పెద్దక్షరాలు చేసే అలవాటొకటి! లిస్ప్ కుటుంబంలోని స్కీమ్ భాష 2007 నాటి ఆర్6ఆర్ఎస్ ప్రమాణంతో ఆ తేడాను గౌరవించడం నేర్చుకుంది. (తెలుగు లిపిలో పేరు పెడితే మాత్రం తమ పప్పులుడకవు.)

క్లోజర్ అనే మరో లిస్ప్ భాషలో తమ తమ్ముణ్ణి చూడండి. నేమ్‌స్పేస్, పేరు, కావాలంటే కాస్త మెటాడేటా, అంతే. విలువ వార్ అనే వేరే వస్తువు దగ్గర ఉంటుంది. ఒకే పేరున్న ఇద్దరు సమానులే గాని ఒక్కరు కారు. ఆ ఏకత్వం పని ఒక పేరుకు ఒక్కటే ఉండే కీవర్డ్‌లది. మాక్కావలసిన పొందిక అదే.

ఇట్లు,
ఏ ప్యాకేజీకీ చెందని జి512.
దయచేసి ఇంటర్న్ చేయకండి.