ప్లానుకు టీకా తాత్పర్యం

కావలిలో ఇల్లు కట్టదలచినవాడు పునాది కంటే ముందు తీసేయాల్సింది తనకు చదువొచ్చన్న భ్రమ. స్థలం అంకణాల్లో కొంటాం. గది అడుగుల్లో ఊహించుకుంటాం. గోడ మందం మేస్త్రీతో అంగుళాల్లో మాట్లాడుకుంటాం. ప్లాను మాత్రం మిల్లీమీటర్లలో దిగుతుంది. తొమ్మిదంగుళాల గోడ పక్కన 230 అని చూసి మా మామగారు అది రేటనుకున్నారు, 200కి బేరం పెట్టారు.

తలుపున్న ప్రతిచోటా ఒక పావు వృత్తం గీసి ఉంటుంది. తలుపు రెక్క తిరిగే దారి అది. బందులు ఏ పక్కన, రెక్క లోపలికా బయటికా అన్నది దాన్ని చూసే చెప్పాలి. ఈ జ్ఞానం నాకు ఆలస్యంగా కలిగింది. అంతకుముందు వారం పాటు, ఇన్ని ఆర్చీలు పెట్టించే స్తోమత మాకు లేదని ఇంజినీరుతో వాదించాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. (ఫీజు ముందే పుచ్చుకున్నవాళ్ల ఓపిక గొప్పది.)

'డి' అంటే తలుపు, 'డబ్ల్యూ' అంటే కిటికీ, 'వి' అంటే వెంటిలేటరు. 'వి' వేసినచోటల్లా వాస్తు సరిచూశారని మామగారి సిద్ధాంతం. పైపులు దిగే డక్టు మీద మూల నుంచి మూలకు ఇంటూ గీసి ఉంటుంది, అక్కడ శ్లాబు పడదు, ఖాళీ అని. మా చిన్నాన్న దాన్ని తేరిపార చూసి, "ఈ గది కొట్టేశారు కదరా, ఆ మేరకు డబ్బులు తగ్గించమను" అన్నాడు.

అసలు ప్లానంటే ఇంటిని నేల నుంచి నాలుగడుగుల ఎత్తున అడ్డంగా కోసి, పైభాగం ఎత్తేసి చూసిన చూపు. అందుకే మెట్లు సగం ఎక్కి ఒక వంకర గీత దగ్గర ఆగిపోతాయి. కోతకు పైనుండే అటక, సన్‌షేడు తెగిన గీతలుగా మిగులుతాయి. ఇదంతా నేను పుచ్చకాయ కోసి మరీ వివరించాను. ఇంటిల్లిపాదీ కాయ తిన్నారు. తెగిన గీతలు మాత్రం ఇంకా ఖాయం కాని గోడలేనని తీర్మానించి, వాటిని రెండడుగులు జరపమన్నారు.

సిద్ధాంతిగారికి ఉత్తరం బాణం తప్ప మరో గుర్తు పట్టలేదు. అది కాగితం మీద కాస్త పక్కకు ఒరిగి ఉందని నొచ్చుకుని, బాల్‌పెన్నుతో నిటారుగా ఇంకొకటి వేసిచ్చారు. ఇప్పుడు మాకు ఉత్తరాలు రెండు.

మేస్త్రీ కోసం ఆ ఏ3 కాగితాన్ని ఏ4లోకి జిరాక్స్ తీయించాను. దాంతో 1:100 స్కేలు కాస్తా దాదాపు 1:141 అయింది. పిల్లాడి స్కేలుబద్దతో కొలిచి మా ఆవిడ వంటిల్లు చిక్కిపోయిందని కంటతడి పెట్టింది. కొలిచి చూడొద్దు, రాసిన అంకెలే నమ్మమని ప్లాను అడుగునే ఉంది. అడుగున రాసినవి ఎవరు చదువుతారు?

ముగ్గు పోసే రోజు మేస్త్రీ ఆ జిరాక్సును మడిచి చెవి సందున పెట్టుకున్నాడు. బాత్రూం గీత మీద నిలబడి, చేతిని రెక్కలా చాచి గాల్లో పావు వంతు తిప్పాడు. "ఇట్టా తెరిస్తే కమోడుకు కొట్టుకుంటాది సార్. అటేపు తిప్పుదాం."

తీరా చూస్తే ప్లానులో ఉన్నదీ అటువైపే. మేస్త్రీ చాటుగా చదివేసుంటాడని నా అనుమానం.