ఐదుకూ ఆరుకూ మధ్య

జూన్ 16 వచ్చిందంటే నాకు బేస్‌బాల్ ఆటగాడు టోనీ గ్విన్ గుర్తొస్తాడు. 2014లో అదే రోజున, 54 ఏళ్ళకే, మా పక్కనే ఉన్న పౌవేలో కన్నుమూశాడు. ఇరవై సీజన్లూ ఒక్క సాన్ డియాగో పాడ్రెస్ జట్టుకే ఆడాడు. ఇంకా ఎక్కువ డబ్బు వచ్చే దారి ఉన్నా ఈ ఊరు వదల్లేదు. ఇప్పుడు పాడ్రెస్ స్టేడియం పెట్కో పార్క్ ఉన్న వీధికి ఆయన పేరే పెట్టారు, దాని డోర్ నంబరు కూడా ఆయన జెర్సీ నంబరైన 19. ఇక్కడ పెరుగుతున్న మన పిల్లల్లో చాలామందికి గ్విన్ అంటే ఆ వీధి పేరు, అంతే. అది నాకు బాధగా ఉంటుంది.

నేను మొదటిసారి బేస్‌బాల్ ఆట చూసింది 2001 అక్టోబర్ 7న. అప్పటి స్టేడియానికి క్వాల్‌కామ్ పేరు ఉండేది. ఆ కంపెనీని, దాని చుట్టూ వెలిసిన కంపెనీలను చూసుకుని ఈ ఊరికొచ్చిన తెలుగువాళ్ళం ఎందరమో ఉన్నాం. మా ఆఫీసులో పెద్దాయన ఒకరు "ఇవాళ చూడకపోతే మళ్ళీ చూడలేవు" అని వెంటబెట్టుకుని తీసుకెళ్ళాడు. అది గ్విన్ చివరి ఆట. అదే ఆటలో గ్విన్ జట్టువాడే అయిన రికీ హెండర్సన్ తన 3000వ హిట్ కొట్టాడు. హిట్ అంటే కొట్టిన బంతితో అవుట్ కాకుండా బేస్ చేరడం. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఇంకొకరి బదులు గ్విన్ బ్యాటింగ్‌కి దిగాడు. మోకాళ్ళు అరిగిపోయిన, ఒళ్ళు చేసిన మనిషి. బంతి నేల మీదుగా షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య ఉండే ఫీల్డర్) చేతిలోకి వెళ్ళింది. అవుట్. అయినా జనం నిలబడే ఉన్నారు, చప్పట్లు ఆగలేదు. అవుటైతే ఈ చప్పట్లేమిటని అడిగాను. "బంతికి బ్యాట్ తగిలింది చూశావా? ఇరవై ఏళ్ళుగా అంతే" అన్నాడాయన. అప్పుడు నాకు సగమే అర్థమైంది.

బేస్‌బాల్‌లో ఒక్కో ఫీల్డర్‌కి ఒక్కో నంబరు ఉంటుంది. మూడో బేస్ దగ్గర ఉండేవాడు 5, షార్ట్‌స్టాప్ 6. వాళ్ళిద్దరి మధ్య సందుని గ్విన్ 5.5 అనేవాడు. ఎడమచేతివాటం బ్యాటర్ బలంగా లాగి కొడితే బంతి సహజంగా కుడి మైదానంలోకి పోతుంది. గ్విన్‌దీ ఎడమచేతివాటమే, కానీ బంతిని ఇంకో క్షణం లోపలికి రానిచ్చి, చేతులతో దారి మళ్ళించి ఆ ఎడమ సందులోంచి పంపేవాడు. అదే 2001 మార్చిలో కోల్‌కతాలో మన లక్ష్మణ్ లెగ్ స్టంప్ బయట పడి తిరిగే షేన్ వార్న్ బంతిని కవర్స్ గుండా పంపించాడు గుర్తుందా? బంతి పొమ్మన్న వైపు కాకుండా తను పంపాలనుకున్న వైపుకి పంపడం. ఆ విద్యే ఇది.

గ్విన్ మొత్తం 3141 హిట్లు కొట్టాడు, యావరేజ్ .338, అంటే వెయ్యి ప్రయత్నాలకి 338 హిట్లు. మూడొందలు దాటితేనే గొప్ప అనుకునే ఆటలో ఎనిమిదిసార్లు, సీజన్‌లో అందరికంటే మించిన యావరేజ్‌కి దక్కే బ్యాటింగ్ టైటిల్ గెలిచాడు. నాకు వీటన్నిటికంటే పెద్దగా కనిపించే అంకె 434. ఇరవై సీజన్లలో కలిపి ఆయన స్ట్రైకౌట్లు అవి, అంటే బంతిని ఆటలోకి పంపలేక మూడు స్ట్రైకులతో వెనుదిరిగిన సందర్భాలు. ఇవాళ ఒక్క సీజన్‌లోనే 200 దాటే బ్యాటర్లున్నారు. ఆ కాలపు మేటి పిచర్ (బంతి వేసేవాడు) గ్రెగ్ మాడక్స్ ఎదుట గ్విన్ 107 సార్లు నిలబడ్డాడు. ఒక్కసారి కూడా స్ట్రైకౌట్ కాలేదు.

1994లో ఆయన యావరేజ్ .394 దగ్గర ఉండగా ఆగస్టు 12న ఆటగాళ్ళ సమ్మె మొదలై, సీజన్ అక్కడే ఆగిపోయింది. ఆడిన ఆటల్లోనే ఇంకో మూడు హిట్లు పడి ఉంటే నాలుగొందలు దాటేవాడు. 1941లో టెడ్ విలియమ్స్ తర్వాత ఎవరికీ అందని గీత అది. టెడ్ విలియమ్స్ కూడా సాన్ డియాగో కుర్రాడే.

ఆట ఇప్పుడు మారిపోయిందని, కంప్యూటర్లూ లెక్కలూ వచ్చి పాడుచేశాయని పాత అభిమానులు అంటుంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. లెక్కలతో ఆడిన మొదటివాళ్ళలో గ్విన్ ఒకడు. 1983లో హిట్లు పడక ఇబ్బంది పడుతున్నప్పుడు, జట్టుతో వేరే ఊళ్ళో ఉన్న ఆయన ఇంటికి ఫోన్ చేసి, టీవీలో వచ్చే తన ఆటను వీసీఆర్‌లో రికార్డు చేయమని భార్య అలీసియాని అడిగాడు. ఇంటికొచ్చి టేపు తిప్పి తిప్పి చూసి తప్పు ఎక్కడుందో పట్టుకున్నాడు. తర్వాత వీసీఆర్లు పెట్టెలో పెట్టుకుని ఊరూరా తీసుకెళ్ళేవాడు. తోటివాళ్ళు 'కెప్టెన్ వీడియో' అని పేరు పెట్టారు. ఇవాళ ప్రతి జట్టుకీ గదినిండా తెరలున్నాయి. తేడా ఎక్కడంటే, గ్విన్ టేపుని అడిగింది "నా చెయ్యి ఎక్కడ తప్పుతోంది?" అని. ఇప్పటి జట్లు అడిగేది "ఏ దెబ్బకి రన్లు ఎక్కువొస్తాయి?" అని.

ఆ రెండో ప్రశ్నకి లెక్క ఇచ్చిన జవాబు తప్పేం కాదు. బంతిని మైదానం దాటించే హోమ్ రన్ విలువ చాలా ఎక్కువ. నేల మీద కొట్టిన బంతి ఒక్కోసారి ఇద్దరిని అవుట్ చేస్తుంది, స్ట్రైకౌట్ అయితే పోయేది ఒక్కడే. 2015 నుంచి ప్రతి స్టేడియంలోనూ కొలతలు మొదలయ్యాక బంతి ఎంత వేగంతో, ఎంత కోణంలో లేచిందన్నదే చదువైపోయింది. పిచర్లు కూడా మారారు. అలసిపోయిన పిచర్‌ని మూడోసారి, నాలుగోసారి ఎదుర్కొనే వీలు గ్విన్‌కి ఉండేది. ఇప్పుడు ఐదో ఇన్నింగ్స్ అయ్యేసరికే కొత్త చెయ్యి వస్తుంది, మామూలు ఫాస్ట్‌బాలే గంటకి 94 మైళ్ళు దాటుతోంది. కాబట్టి బ్యాటర్లు బద్ధకస్తులయ్యారని అనడం అన్యాయం. కానీ 2018లో, పెద్ద లీగ్ (మేజర్ లీగ్) చరిత్రలో మొదటిసారి, సీజన్ మొత్తం మీద హిట్లకంటే స్ట్రైకౌట్లు ఎక్కువయ్యాయి. చూసేవాడికి ఏం మిగిలింది? ఫీల్డర్లు ఊరికే నిలబడి ఉన్న ఆట.

ఆ ఏడాదే మా అబ్బాయికి పదేళ్ళు. బయట ఊళ్ళకి వెళ్ళి ఆడే ఒక జట్టులో చేర్చాం. ఒక శనివారం వాడు బంతిని సరిగ్గా ఐదుకీ ఆరుకీ మధ్యలోంచి నేల మీదుగా పంపి పరిగెత్తి బేస్ చేరాడు. నేను ఎగిరి గంతేశాను. కోచ్ మాత్రం వాడిని పక్కకి పిలిచి, బ్యాట్ పైకి తిప్పు, స్ట్రైకౌట్ అయినా ఫరవాలేదు అన్నాడు. ఇంటికొస్తూ కారులో వాడు "హిట్ కొట్టాను కదా నాన్నా, మరి తప్పేంటి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మనవాళ్ళలో పిల్లల్ని ఇలాంటి జట్లలో చేర్చి, ఫీజులు కట్టి, వారాంతాలన్నీ గ్రౌండ్ దగ్గరే గడిపే తల్లిదండ్రులకి నేను చెప్పేది ఒకటే. పదేళ్ళ పిల్లలకి మీరు నేర్పించాల్సింది బంతిని తాకడం. కోణాలు పదహారేళ్ళకి నేర్చుకోవచ్చు.

ఆ రోజుల్లోనే లాగి కొట్టే ఎడమచేతివాటం బ్యాటర్ వస్తే బేస్‌ల దగ్గరుండే ఇన్‌ఫీల్డర్లలో ముగ్గురిని కుడివైపుకి జరిపి ఎడమవైపు దాదాపు ఖాళీగా వదిలేసేవారు. దీన్నే షిఫ్ట్ అన్నారు. గ్విన్ ఇరవై ఏళ్ళు వెతుక్కుని వెతుక్కుని బంతిని పంపిన సందుని ఇప్పుడు గేటు తీసినట్టు తీసిపెట్టారు! అయినా అటు కొట్టినవాళ్ళు తక్కువ. నాకైతే టీవీ ముందు కూర్చుని ప్రాణం కొట్టుకునేది.

2023లో రూల్స్ మారాయి. పిచర్ బంతి వెయ్యడానికి గడియారం పెట్టారు. అంతకుముందు ఏడాది మూడు గంటలు దాటిన సగటు ఆట రెండు గంటల నలభై నిమిషాలకి దిగింది. చాలా మంచి పని, ఇన్నాళ్ళెందుకు ఆగారో తెలీదు. కానీ అదే ఏడాది షిఫ్ట్‌ని కూడా నిషేధించారు. అది నాకు నచ్చలేదు. ఖాళీ ఉన్నచోటికి కొట్టడం బ్యాటర్ నేర్చుకోవాలి గాని, ఖాళీ ఉండకూడదని రూల్ పెడితే ఎలా? ఫలితం చూడండి. లీగ్ బ్యాటింగ్ యావరేజ్ 2022లో .243. నిషేధం వచ్చాక .248 అయింది. 2024కల్లా మళ్ళీ .243.

గ్విన్ చావు గురించి కూడా చెప్పాలి. ఆయనకి లాలాజల గ్రంథి క్యాన్సర్ వచ్చింది. ఏళ్ళ తరబడి దవడలో పెట్టుకున్న పొగాకే కారణమని ఆయనే నమ్మాడు, బయటికి చెప్పాడు కూడా. చిన్నప్పుడు శ్రీకాకుళం వైపు మా అమ్మమ్మగారి ఊళ్ళో, చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ళని చూశాను. వాళ్ళలో ఒకావిడ చివరి రోజుల్లో గంజి కూడా మింగలేకపోయింది. గ్విన్ ఆఖరి ఫొటోల్లో ముఖం ఒకపక్క చూస్తే నాకు ఆవిడే గుర్తొచ్చింది. 2016 చివర్లో కుదిరిన ఒప్పందంతో, ఆ తర్వాత కొత్తగా పెద్ద లీగ్‌లోకి వచ్చే ఆటగాళ్ళకి నమిలే పొగాకు నిషేధించారు. ఆయన పోయిన రెండేళ్ళకి. నేను మెచ్చుకునే మార్పుల్లో మొదటిది అదే.

2024లో లూయిస్ అరాయెజ్ అనే కుర్రాడు పాడ్రెస్‌కి వచ్చాడు. పొట్టివాడు, హోమ్ రన్లు పెద్దగా కొట్టడు. అతనిదీ ఎడమచేతివాటమే. ఆ సీజన్‌లో 150 ఆటలాడి 29 సార్లే స్ట్రైకౌట్ అయ్యాడు. వరసగా మూడేళ్ళు, మూడు వేర్వేరు జట్లతో బ్యాటింగ్ టైటిల్ గెలిచాడు. ఆ ఎండాకాలం మా అబ్బాయీ నేనూ పెట్కో పార్క్‌కి వెళ్ళాం. వాడు బేస్‌బాల్ మానేసి చాలా కాలమైంది. నా బలవంతం మీదే వచ్చాడు, ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. అరాయెజ్ బంతి మూడో బేస్‌కీ షార్ట్‌స్టాప్‌కీ మధ్యలోంచి నేలని రాసుకుంటూ పోయింది. మా ముందు వరసలో 19 నంబరు జెర్సీ వేసుకున్న ముసలాయన లేచి నిలబడ్డాడు. వాడు ఫోన్ పక్కన పెట్టి "నాన్నా, నేను కొట్టింది అక్కడికే కదా" అన్నాడు.