ఎనిమిదో రోజు ఎక్కడికి పంపుతారు?

ప్రైవేటు ఆస్పత్రి ఐసీయూలో పనిచేసిన ఏ నర్సునడిగినా ‘లామా’ అంటే ఏమిటో చెబుతుంది. డాక్టర్లు వద్దన్నా మా ఇష్టం మీదే రోగిని తీసుకెళ్తున్నామని బంధువులు సంతకం పెట్టే కాగితం అది. తలకు దెబ్బ తగిలి వెంటిలేటర్ మీద ఉన్న మనిషిని ఎవరైనా ఇష్టపడి తీసుకెళ్తారా? తెచ్చిన డబ్బు అయిపోయింది, పొలం బేరం ఇంకా కుదరలేదు. చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబు బ్యాగు నొక్కుకుంటూ గాంధీకో, ఉస్మానియాకో, విశాఖ కేజీహెచ్‌కో చేరుస్తారు. రెండు రోజులకు ప్రాణం పోతే ఆ మరణం ప్రభుత్వ ఆస్పత్రి రిజిస్టర్‌లో పడుతుంది. పంపించిన ఆస్పత్రి మరణాల లెక్కలో ఆ మనిషి ఉండడు.

‘సర్కారు దవాఖానాలో ఎక్కువమంది చనిపోతున్నారు’ అని అంకెలు చూపించేవాళ్లను నేను ముందు అడిగేది ఈ కాగితం గురించే.

ముంబయి, ఢిల్లీ, కోల్‌కతాల్లోని పెద్ద ప్రభుత్వ బోధనాస్పత్రుల్లో 2013 నుంచి కొన్నేళ్లు ‘టిట్కో’ పేరుతో క్షతగాత్రుల వివరాలు సేకరించారు. చేరినవారిలో దాదాపు అయిదో వంతు 30 రోజుల్లోపే చనిపోయినట్టు తేలింది. గుండె ఝల్లుమనే అంకె. అయితే వారిలో చాలామంది ప్రమాద స్థలం నుంచి నేరుగా వచ్చినవారు కాదు. ఒకటో రెండో ఆస్పత్రులు తిరిగి, విలువైన గంటలు దారిలోనే పోగొట్టుకుని వచ్చినవారు. ఎవరో తెలియని మనిషి రోడ్డు మీద స్పృహ లేకుండా పడి ఉంటే 108 సాధారణంగా తీసుకెళ్లేదీ ప్రభుత్వ ఆస్పత్రికే. వచ్చే రోగులే వేరైనప్పుడు ఉత్త శాతాలు పక్కపక్కన పెడితే ఏం తెలుస్తుంది? స్పృహను కొలిచే గ్లాస్గో స్కోరు 3 నుంచి 15 వరకు ఉంటుంది. 8 లేదా అంతకు తక్కువ ఉంటే తలకు తీవ్ర గాయం కిందే లెక్క. 14తో వచ్చినవాణ్ని 5తో వచ్చినవాడితో పోల్చకూడదు. చేరిన క్షణంలో ఆ స్కోరు, బీపీ, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడన్నది రాసిపెడితే చాలు, పోలిక కొంతైనా న్యాయంగా ఉంటుంది. ఈ మూడింటికీ ఖరీదైన యంత్రమేదీ అక్కర్లేదు.

ప్రభుత్వ ఆస్పత్రులను వెనకేసుకురావడానికి ఇదంతా చెప్పడం లేదు. అక్కడి సర్జన్ల చేతికి ఉన్న అనుభవం చాలా ప్రైవేటు ఆస్పత్రుల్లో దొరకదు. ఆపరేషన్ బాగానే జరుగుతుంది. మనిషి చేజారేది ఆ తర్వాత. గొంతులోని గొట్టం నుంచి కఫం తీసేవాళ్లు, రెండు గంటలకోసారి పక్కకు తిప్పేవాళ్లు సరిపడా ఉండరు. ఊపిరితిత్తులకు ఇన్ఫెక్షన్ వస్తుంది, నడుము కింద పుండ్లు పడతాయి. వెంటిలేటర్ ఖాళీ లేకపోతే అంబు బ్యాగు రోగి తమ్ముడి చేతికే వస్తుంది. ఇంత పనిని ఇంత తక్కువమంది నర్సుల మీద వదిలేసిన ప్రభుత్వాలదే ఈ తప్పు.

తిప్పి పంపడంలో ప్రభుత్వ ఆస్పత్రులూ తక్కువ తినలేదు. 1992లో పశ్చిమ బెంగాల్‌లో రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలిన ఒక వ్యవసాయ కూలీని మంచం లేదని, సౌకర్యం లేదని వరసగా ప్రభుత్వ ఆస్పత్రులే పంపేశాయి. చివరికి ప్రైవేటులో దాదాపు 17 వేల రూపాయలు కట్టి బతికాడు. 1996లో సుప్రీంకోర్టు ఆయనకు పరిహారం ఇప్పించింది. అత్యవసర వైద్యం అందించకపోవడం జీవించే హక్కును కాలరాయడమేనని చెప్పింది. అంతకుముందే, 1989లో, ముందు ప్రాణం కాపాడండి, పోలీసు కేసు సంగతి తర్వాత అని సర్కారు, ప్రైవేటు డాక్టర్లందరికీ చెప్పింది. అయినా క్యాజువాలిటీ గుమ్మం దగ్గర ‘అడ్వాన్స్ కట్టారా’ అనే మాట ఇప్పటికీ వినబడుతూనే ఉంది.

2025 మేలో కేంద్రం తెచ్చిన నగదు రహిత చికిత్స పథకం వల్ల నాకు కొంత ఆశ కలిగింది. రోడ్డు ప్రమాద బాధితుడికి లక్షన్నర రూపాయల వరకు, ఏడు రోజుల వరకు వైద్యం. దీనికోసం ప్రమాదాల వివరాలు నమోదయ్యే ఈ-డార్ వ్యవస్థను ఆస్పత్రి బిల్లుల వ్యవస్థతో కలిపారు. అంటే ఒక మనిషిని ప్రమాద స్థలం నుంచి చివరి ఆస్పత్రి దాకా ఒకే నంబరుతో వెంబడించే వీలు వచ్చింది. ఆ నంబరు మీదే 30వ రోజున అతను బతికే ఉన్నాడా, ఎవరు ఎవరికి పంపారు, చేరినప్పుడు ఎంత స్పృహలో ఉన్నాడు అన్నవి రాసి, ఆస్పత్రుల వారీగా జనం ముందు పెట్టాలి. ‘లామా’ మీద వెళ్లిన రోగి ఫలితం అతన్ని మొదట చేర్చుకున్న ఆస్పత్రి లెక్కలో కూడా కనిపించాలి. నా దృష్టిలో ఇదే అన్నింటికన్నా ముఖ్యం.

రోడ్డు ప్రమాద మృతుల అధికారిక లెక్కలో 30 రోజుల్లోపు చనిపోయినవారు ఉంటారు. పథకం డబ్బు ఏడో రోజుతో ఆగిపోతుంది. తీవ్రంగా తల పగిలిన మనిషి ఏడో రోజుకు చాలాసార్లు ఐసీయూలోనే ఉంటాడు. ఎనిమిదో రోజు పొద్దున బిల్లింగ్ కౌంటర్ నుంచి పిలుపు వచ్చినప్పుడు ఆ భార్య చేతికి మళ్లీ అదే కాగితం ఇవ్వకుండా ఆపే నిబంధన ఆ పథకంలో చేర్చాలి.