పురుగుని రాక్షసుణ్ణి చేస్తే?

మిరప మీద పరిశోధన చేసే శాస్త్రవేత్త ఒకరు, బుర్రకథ చెప్పే మాస్టారు ఒకరు. ఇద్దరిదీ గుంటూరే. ల్యాబ్‌లో తేలిన సంగతుల్ని బుర్రకథ కట్టి ఊళ్లలో చెప్పాలా వద్దా అన్నది వాదన.

మాస్టారు: కరపత్రం జేబులోకి పోతుందమ్మా. కథ పెడితే ఊరంతా వచ్చి కూర్చుంటుంది.

శాస్త్రవేత్త: నా భయమూ అదే మాస్టారూ. కథకి విలన్ కావాలి. పురుగుని రాక్షసుణ్ణి చేసి మీరు దరువు వేస్తే జనానికి రోషం వస్తుంది. తెల్లారేసరికి అందరూ పురుగుమందుల కొట్టు దగ్గరుంటారు. 2021లో నల్ల తామర పురుగు పడ్డప్పుడు చూశాం కదా, మందు మీద మందు కొట్టారు. అది పువ్వు లోపల దాక్కుంటుంది, మందు సరిగా తగలదు. దాన్ని తినే మిత్ర పురుగులు మాత్రం చచ్చిపోతాయి.

మాస్టారు: సరే, రాక్షసుడు వద్దు. ఆకు గురించి చెబుతా. అంచులు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. రైతు రెండింటినీ ముడతే అనుకుని ఒకే మందు కొడతాడు. నల్లి సాలీడు జాతిది, చాలా పురుగుమందులకి లొంగదు. "పై ముడతా, కింది ముడతా, ఆకు తిప్పి చూడు తమ్ముడా, తందాన తాన!" ఎలా ఉంది?

శాస్త్రవేత్త: పాట బాగుంది. కానీ చేలో రెండూ కలిసి వస్తాయి. ఒక్కోసారి వైరస్ కూడా తోడవుతుంది. అప్పుడు ఆకు మీ పాటలో ఉన్నట్టు ఉండదు. మేం పరిశోధన పత్రంలో "కావచ్చు" అని రాస్తాం. ఆ "కావచ్చు" మీ దరువులో కొట్టుకుపోతుంది. ఎకరానికి లక్షకు పైగా పెట్టిన కౌలు రైతు ఏమైపోవాలి?

మాస్టారు: బుర్రకథలో ముగ్గురుంటామమ్మా. కథ నాది, పక్కన వంత పాడేవాళ్లు ఇద్దరు. ఒక వంతది హాస్యం, ఇంకో వంతది రాజకీయం. ఆ రాజకీయం వంతే నన్ను ఆపి, "రెండూ కలిసి వస్తే ఏం చేయాలయ్యా?" అని నిలదీస్తాడు. బుర్రకథకి పేరు తెచ్చిన నాజర్ గారిది మన జిల్లా పొన్నెకల్లే. 1940లలో ఎన్నో ప్రశ్నలు ఈ కథలతో ఊరూరా తిరిగాయి. మీ "కావచ్చు" ఆ వంత నోట పెట్టండి.

(ఇక్కడ నా ఓటు మాస్టారికే. అనుమానం అడగడానికి మనిషిని పెట్టుకున్న కళారూపం మన చేతిలోనే ఉంది.)

శాస్త్రవేత్త: అయితే స్క్రిప్టులో ప్రతి మాటా నేను చూడాలి.

మాస్టారు: తప్పుంటే కొట్టేయండి. నచ్చలేదని మాత్రం కొట్టేయొద్దు. ఇంకోటి, ప్రాజెక్టు అంతా అయ్యాక ప్రచారానికి పిలిస్తే నేను రాను. తెల్ల కాగితం మీద పువ్వు దులిపి పురుగుల్ని లెక్కపెడతారు చూడండి, అప్పుడే పిలవండి.

శాస్త్రవేత్త: మిల్లీమీటరు పురుగులవి. చూస్తుండగానే కాగితం అంచు దాటి పోతాయి. ఓపికుంటే రండి. కానీ కథ అయ్యాక మైకు నాకివ్వాలి. మాకింకా అంతుపట్టనిదేమిటో నేనే చెబుతాను.

మాస్టారు: కథ అయ్యాక ఎవరుంటారమ్మా? మధ్యలో రండి.

శాస్త్రవేత్త: మధ్యలో వస్తే మీ దరువు చెడిపోదూ?

మాస్టారు: చెడనీయండి. మళ్లీ అందుకుంటాం.