బిడ్డ కిడ్నీల సంగతి కాన్పుకు ముందే చూడాలి

నల్లగొండలో ఏ జబ్బు మాట వచ్చినా ముందు నీళ్లనే అనుమానిస్తాం. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ చేసిన నష్టం కళ్లారా చూశాం కదా. అయితే బిడ్డ కిడ్నీలకు ముప్పు తల్లి షుగర్ వల్ల కడుపులోనే మొదలు కావచ్చన్న సంగతి మన చర్చల్లోకి రావడం లేదు.

కిడ్నీల్లో రక్తాన్ని వడపోసే నెఫ్రాన్లు గర్భం మూడో నెలలో తయారవడం మొదలై, 36 వారాల నాటికి దాదాపు పూర్తవుతాయి. నెలలు నిండి పుట్టిన బిడ్డకు ఆ తర్వాత కొత్తవి రావు. తల్లి రక్తంలోని గ్లూకోజ్ మాయను దాటి బిడ్డకు చేరుతుంది. గర్భానికి ముందే షుగర్ ఉండి అదుపు తప్పితే బిడ్డకు కిడ్నీ, మూత్రనాళ లోపాల ముప్పు పెరుగుతుంది. గర్భంతో వచ్చే షుగర్ విషయం అంత సూటిగా తేలలేదు. ఎలుకల్లో తల్లికి షుగర్ ఎక్కువైతే పిల్లల్లో నెఫ్రాన్లు తగ్గాయి. మనుషుల్లో వాటిని లెక్కపెట్టడం కష్టం. అమెరికాలోని పిమా తెగలో షుగర్ ఉన్న తల్లుల పిల్లలకు చిన్న వయసులోనే కిడ్నీలు దెబ్బతినడం ఎక్కువగా కనిపించింది. ఆ పిల్లలకు కూడా త్వరగా షుగర్ రావడమే అందుకు పెద్ద కారణం.

పరీక్ష కష్టమైనదేమీ కాదు. 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లు తాగించి, రెండు గంటల తర్వాత రక్తం చూస్తారు. 140 లేదా అంతకు మించితే షుగర్ ఉన్నట్టే. పరగడుపున రానక్కర్లేదు. మొదటిసారి ఆస్పత్రికి వచ్చినప్పుడు ఒకసారి, 24 నుంచి 28 వారాల మధ్య మరోసారి చేయాలని కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన పక్కనే ఉన్న పాలమూరులో చిక్కంతా ఈ రెండోసారి దగ్గరే. అది ఆరు, ఏడు నెలల సమయం. మొదటి కాన్పుకు తల్లిగారింటికి వెళ్లేవాళ్లు, భర్తతో ముంబై, పుణె పనులకు పోయేవాళ్లు అప్పుడే ఊరు మారుతుంటారు. కార్డు ఒకచోట, మనిషి మరోచోట. ఊరు మారినా ఆమె పేరు అక్కడి ఏఎన్‌ఎంకు చేరేలా చూడాల్సింది ఆరోగ్య శాఖే. ఆ భారం గర్భిణి మీద వేయడం అన్యాయం.

ఇంకో మాట. షుగర్ అని తేలగానే కోడలిని తప్పుపట్టే ఇళ్లున్నాయి. చాలామందికి తిండి మార్పుతో, నడకతో అదుపులోకి వస్తుంది, కొందరికి మందులో ఇన్సులినో కావాలి. తల్లి వేసుకునే ఇన్సులిన్ సాధారణంగా మాయ దాటి బిడ్డకు చేరదు, భయం అక్కర్లేదు.

కాన్పయ్యాక తల్లి షుగర్ తగ్గితే అందరూ మరిచిపోతారు. బిడ్డ నాలుగు కిలోలుంటే, అది తల్లి షుగర్ వల్ల కావచ్చని తెలియక సంబరపడతారు. తల్లికి ఆరు వారాలకు మళ్లీ పరీక్ష చేయాలి. బిడ్డ టీకా కార్డు మీద తల్లికి షుగర్ ఉండేదని ఒక్క లైను రాస్తే, బడులకు వచ్చే బాల స్వాస్థ్య బృందాలు ఆ పిల్లల బరువు, బీపీ ప్రత్యేకంగా చూడొచ్చు, మూత్రంలో ప్రొటీన్ పోతోందేమో పరీక్షించొచ్చు.