కొండ ఎక్కే ముందు ఎనిమిది నెలలు

2014 మే 25 ఉదయం నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ శిఖరం మీద నిలబడింది. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంటున్న ఆ అమ్మాయికి అప్పటికి 14 ఏళ్లు కూడా నిండలేదు. ఖమ్మం జిల్లాకు చెందిన మరో గురుకుల విద్యార్థి సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా ఆమెతో పాటు శిఖరం చేరాడు. రాష్ట్ర విభజనకు వారం ముందు ఊరూరా చెప్పుకున్న వార్త ఇది. రెండు వారాలు తిరిగేసరికి, జూన్ 8 సాయంత్రం, హిమాచల్‌ప్రదేశ్‌లోని మండి జిల్లాలో బియాస్ నది హైదరాబాద్‌కు చెందిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులను పొట్టన పెట్టుకుంది. స్టడీ టూర్‌కి వెళ్లిన పిల్లలు దారిలో బస్సు దిగి, నది మధ్య రాళ్ల మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. ఎగువన లార్జి డ్యామ్ గేట్లు తెరిచారు. నీళ్లు ఎంత వేగంగా వచ్చాయో ఆ వీడియో చూసినవాళ్లు ఎవరూ మరిచిపోలేదు.

ఈ రెండు ఘటనలనూ పక్కపక్కన పెట్టి ఆలోచించినవాళ్లు తక్కువ. మొదటి వార్తకు సన్మానాలు చేశాం, రెండో వార్తకు ఏడ్చాం. మన బడుల మీద, కాలేజీల మీద ముద్ర వేసింది మాత్రం రెండోదే. పిల్లల్ని బయటికి తీసుకెళ్లాలంటే యాజమాన్యాలకు భయం, పంపాలంటే తల్లిదండ్రులకు టెన్షన్. టూర్ అంటే ఇప్పుడు చాలా చోట్ల ఏసీ బస్సులో వాటర్ పార్కుకు వెళ్లి సాయంత్రానికి తిరిగి రావడమే. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. బిడ్డను పోగొట్టుకున్న ఇంటి ముందు నిలబడి సాహసం గురించి ఉపన్యాసం ఇవ్వగల ధైర్యం ఎవరికీ ఉండకూడదు. కానీ ఆ భయం నుంచి మనం నేర్చుకున్న పాఠం తప్పు.

ఆ విద్యార్థులు చేసింది సాహసం కాదు. ఎండాకాలంలో నీళ్లు తక్కువగా కనిపిస్తున్న నదిలో నాలుగడుగులు వేశారు, అంతే. పైన డ్యామ్ ఉందని, అది ఎప్పుడైనా నీళ్లు వదలొచ్చని, కొండ నదిలో పొడిగా కనిపించే రాయి నిమిషాల్లో మునిగిపోతుందని వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. 2016లో హిమాచల్ హైకోర్టు ఒక్కో కుటుంబానికి 20 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని చెప్పి, ఆ భారాన్ని విద్యుత్ బోర్డు, కాలేజీ, రాష్ట్ర ప్రభుత్వం మూడింటి మీదా వేసింది. గేట్లు తెరిచినవాళ్లతో పాటు పిల్లల్ని తీసుకెళ్లినవాళ్లకూ బాధ్యత ఉందని దాని అర్థం. పిల్లల్ని బయటికి తీసుకెళ్లవద్దని కోర్టు చెప్పలేదు. ఆ మాట మనమే చెప్పుకున్నాం, అది సులువు కాబట్టి.

ఇప్పుడు ఎవరెస్ట్ వైపు చూద్దాం. ప్రమాదం లెక్కన చూస్తే బియాస్ ఒడ్డుకూ ఎవరెస్ట్‌కూ పోలికే లేదు. అదే ఏడాది ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచు చరియలు విరిగిపడి 16 మంది పర్వతారోహణ సిబ్బంది చనిపోయారు. పూర్ణ, ఆనంద్ ఎక్కింది టిబెట్ వైపు నుంచి. నేపాల్ 16 ఏళ్లలోపు వారికి అనుమతే ఇవ్వదు. పదమూడేళ్ల పిల్లను అంత ఎత్తుకు పంపవచ్చా అని అప్పట్లో అడిగినవాళ్ల ప్రశ్న న్యాయమైనదే. ఎంత శిక్షణ ఉన్నా ఆ ఎత్తులో ప్రాణానికి హామీ ఇచ్చేవాళ్లు ఉండరు. అందుకే పిల్లలందరికీ శిఖరాలు చూపించాలని నేను అనడం లేదు. నా దృష్టి శిఖరానికి ముందు గడిచిన దాదాపు ఎనిమిది నెలల మీద ఉంది.

అప్పటి గురుకులాల కార్యదర్శి, ఐపీఎస్ అధికారి ఆర్.ఎస్.ప్రవీణ్ కుమార్ ఈ ఆలోచన చేసినప్పుడు, శిక్షకుడు శేఖర్ బాబు పిల్లల్ని నేరుగా హిమాలయాలకు తీసుకుపోలేదు. ముందు భువనగిరి. హైదరాబాద్ నుంచి గంట ప్రయాణం, కోట ఉన్న ఏకశిల కొండ. గురుకులాల నుంచి వంద మందికి పైగా పిల్లలు అక్కడ తాడు పట్టారు. వాళ్లలో కొందరు డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లారు. 1954లో మొదలైన ఆ సంస్థలో ఫీల్డ్ శిక్షణకు తొలి డైరెక్టర్ టెన్జింగ్ నార్గేనే. ఆ తర్వాత మరి కొద్దిమంది లద్దాఖ్ చలిలో శిక్షణ పొందారు. చివరికి ఇద్దరు మిగిలారు. మనకు ఆ ఇద్దరి పేర్లే తెలుసు. భువనగిరిలో ఆగిపోయిన పిల్లలకు కూడా దక్కింది తక్కువేమీ కాదని నా నమ్మకం.

బండ ఎక్కడం నేర్పే చోట మొదటి గంట ఎవరూ బండ ఎక్కరు. నడుముకు, తొడలకు బిగించే పట్టీల హార్నెస్ ఎలా వేసుకోవాలి, పట్టీ ఎటు నుంచి ఎటు దూర్చాలి, ఫిగర్ ఎయిట్ ముడి ఎలా వేయాలి అన్నదే పాఠం. ముడి వేసిన తర్వాత జతలో ఉన్న మరో పిల్లాడు దాన్ని వేలితో తడిమి చూస్తాడు. వీడి హార్నెస్‌ను వాడు, తాడు జారకుండా పట్టి ఉంచే వాడి బిలే పరికరాన్ని వీడు పరీక్షించాలి. పైకి వెళ్లేవాడు ‘రెడీయా’ అని అరిస్తే కింద తాడు పట్టినవాడు జవాబు చెప్పేదాకా కాలు కదపకూడదు. తరగతిలో చివరి బెంచీలో కూర్చుని ఎప్పుడూ నోరు విప్పని పిల్ల ఇక్కడ గొంతు పెంచి ‘ఆగు, నీ ముడి వదులుగా ఉంది’ అని చెప్పక తప్పదు. ఫస్ట్ ర్యాంకర్ ఆ మాట వినక తప్పదు. తాడు కింద ఉన్నవాడి చేతుల్లో తోటివాడి ప్రాణం ఉంటుంది, ఆ సంగతి ఆ వయసు పిల్లలకు ఒక్కసారి అర్థమైతే చాలు. లెక్చర్‌తో నేర్పలేని విషయం అది.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ టార్పెడోల దాడిలో ఓడలు మునిగినప్పుడు, లైఫ్‌బోట్లలో వయసు మళ్లిన నావికుల కన్నా ఒంట్లో బలమున్న కుర్రవాళ్లే ముందు చనిపోతున్నారని లారెన్స్ హోల్ట్ అనే నౌకా సంస్థ యజమాని భావించాడు. వాళ్లకు కొరవడింది తట్టుకోగలమన్న నమ్మకం, కష్టంలో గడిపిన అనుభవం. విద్యావేత్త కర్ట్ హాన్‌తో కలిసి 1941లో వేల్స్‌లోని అబెర్‌డోవీలో ఆయన మొదలుపెట్టిన శిక్షణే తర్వాత ‘అవుట్‌వర్డ్ బౌండ్’ పేరుతో ఎన్నో దేశాలకు పాకింది.

మరి చదువు సంగతేమిటి, మార్కులు తగ్గవా అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. 2014లోనే అమెరికా సైన్స్ అకాడమీ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. కాలేజీ స్థాయిలో సైన్స్, ఇంజనీరింగ్, లెక్కల బోధన మీద జరిగిన 225 అధ్యయనాలను కలిపి చూశారు. ఉపన్యాసం వింటూ కూర్చునే తరగతుల్లో ఫెయిల్ అయ్యే అవకాశం, చేసి నేర్చుకునే తరగతులతో పోలిస్తే ఒకటిన్నర రెట్లు ఉన్నట్టు తేలింది. దీనికన్నా నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది 2019లో హార్వర్డ్ ఫిజిక్స్ తరగతుల్లో చేసిన ప్రయోగం. తామే లెక్కలు విప్పుకుంటూ నేర్చుకున్న విద్యార్థులు పరీక్షలో మెరుగ్గా రాశారు. కానీ ‘ఎక్కువ నేర్చుకున్నాం’ అనిపించింది మాత్రం చక్కటి లెక్చర్ విన్నవాళ్లకు. కష్టపడుతున్నప్పుడు ఏమీ రావడం లేదనిపిస్తుంది. సాఫీగా సాగే పాఠం వింటే అంతా వచ్చేసిందనిపిస్తుంది.

మన ఇంటర్ కార్పొరేట్ కాలేజీల బలమంతా ఈ భ్రమ మీదే నిలబడి ఉంది. పొద్దున్న ఐదున్నరకు లేపి, రాత్రి పదింటిదాకా స్టడీ అవర్లలో కూర్చోబెడితే, నోటుబుక్కులు నిండితే, తల్లిదండ్రులకు చదువు జరుగుతున్నట్టే కనిపిస్తుంది. గేటు బయట అడుగు పెట్టకుండా రెండేళ్లు గడిపిన పిల్లాడు 18వ ఏట ఇంజనీరింగ్‌లో చేరి, ఒక్కసారిగా దొరికిన స్వేచ్ఛతో నది ఒడ్డుకో జలపాతం దగ్గరికో వెళ్తాడు. నీళ్ల లోతు, ప్రవాహం, పాకుడు రాయి వీటిలో ఏదీ వాడికి తెలియదు. తెలిసే అవకాశం మనమే ఇవ్వలేదు.

దేశంలో ఏటా 35 వేల మందికి పైగా నీళ్లలో మునిగి చనిపోతున్నారు. సెలవులు మొదలవగానే చెరువులో, కాలువలో మునిగిపోయిన పిల్లల వార్త జిల్లా పేజీలో వస్తుంది. ‘చెరువు దగ్గరికి వెళ్లకు’ అన్న ఆజ్ఞ ఎన్ని తరాలుగా చెబుతున్నా పని చేయలేదు. బడి వయసు పిల్లలకు ఈతతో పాటు నీళ్లలో జాగ్రత్తలు, మునుగుతున్నవాళ్లను ఎలా కాపాడాలో నేర్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే సిఫార్సు చేస్తోంది. ఆడపిల్లల విషయంలో ఇది ఇంకా అవసరం. పల్లెల్లో మగపిల్లలు ఎవరో ఒకరి వెంట పడి బావిలోనో కాలువలోనో ఈత నేర్చుకుంటారు. ఆడపిల్లలకు ఆ దారి కూడా లేదు. బడి నేర్పకపోతే ఇంకెవరూ నేర్పరు.

ఇదంతా డబ్బున్న స్కూళ్ల వ్యవహారం అనుకునేవాళ్లకు భువనగిరి వెళ్లిన పిల్లలెవరో గుర్తు చేయాలి. అందరూ గురుకులాల పిల్లలు, చాలామంది కూలీల, చిన్న రైతుల బిడ్డలు. కొండ కూడా అవసరం లేదు. తెలంగాణలో మిషన్ కాకతీయ లెక్క ప్రకారం 46 వేలకు పైగా చెరువులున్నాయి. ఎనిమిదో తరగతి పిల్లల్ని తూము దగ్గరికి తీసుకెళ్లి, కాలువ పక్కన పది మీటర్లు టేపుతో కొలిపించి, ఒక నిమ్మకాయ నీళ్లలో వేయించండి. పది మీటర్లకు 20 సెకన్లు పట్టిందనుకుందాం. కాలువ వెడల్పు మీటరు, లోతు 30 సెంటీమీటర్లు. అడుగున నీళ్లు నెమ్మదిగా నడుస్తాయి కాబట్టి వచ్చిన వేగాన్ని 0.85తో గుణించాలి. సెకనుకు దాదాపు 127 లీటర్లు. గంట పారితే నాలుగు ఎకరాలకు పైగా అంగుళం మందాన నీళ్లు నిలుస్తాయి. ఈ లెక్క వేసిన పిల్లాడు పక్కనే ఉన్న నీరటిని, అంటే పొలాలకు చెరువు నీళ్లు వదిలే మనిషిని, అడుగుతాడు, ‘తాతా, ఆయకట్టు చివరి పొలానికి ఇవి అందుతాయా?’ అని. అక్కడి నుంచి పాఠం లెక్కలు దాటిపోతుంది. మత్తడి (అలుగు) ఎప్పుడు దూకింది, పూడిక ఎందుకు చేరింది, చివరి పొలం ఎవరిది, వాళ్లకు నీళ్లు ఎందుకు అందవు. సైన్స్, సోషల్, ఊరి రాజకీయం అన్నీ ఒక్క కాలువ గట్టు మీదే వచ్చేస్తాయి.

2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి మధ్య ఎప్పుడైనా ఒక పది రోజులు బ్యాగు లేకుండా వడ్రంగి, కుమ్మరి, తోటమాలి లాంటివారి దగ్గర పని నేర్చుకోవాలని చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో శనివారం నో బ్యాగ్ డే పాటించాలని నిర్ణయించారు. ఉద్దేశం మంచిదే. కానీ సర్క్యులర్‌తో పాటు డబ్బు, శిక్షణ, బాధ్యత ఎవరిదన్న స్పష్టత రాకపోతే ఆ రోజు డ్రాయింగ్ పీరియడ్‌గా మారిపోతుంది. ఊరి చెరువు దాకా తీసుకెళ్లాలంటేనే హెడ్‌మాస్టర్ వెనకాడతాడు, ఏదైనా జరిగితే సస్పెండ్ అయ్యేది తానే కాబట్టి. ఆయన్ను తప్పు పట్టలేం.

కాబట్టి ప్రభుత్వాలు చేయాల్సిన పని నిర్దిష్టంగానే ఉంది. బయటికి తీసుకెళ్లే ముందు పాటించాల్సిన నియమాలు ఒక పేజీలో, తెలుగులో రాయాలి. ముందురోజు ఒక టీచర్ ఆ చోటుకు వెళ్లి చూసి రావాలి. పైన డ్యామ్ ఉంటే, నీళ్లు ఎప్పుడు వదులుతారో ఇరిగేషన్ అధికారిని అడిగి రాసుకోవాలి. ఎంతమంది పిల్లలకు ఒక పెద్దవారు ఉండాలో, వాళ్లలో ప్రథమ చికిత్స ఎవరికి వచ్చో తేల్చాలి. ప్రతి పిల్లకూ ఆ రోజుకు బీమా ఉండాలి. ఇవన్నీ పాటించిన టీచర్‌కు ప్రమాదం జరిగితే శాఖ అండగా నిలబడుతుందని ఆ కాగితం మీదే రాసి సంతకం పెట్టాలి. ప్రతి మండలంలో కనీసం ఇద్దరు వ్యాయామ ఉపాధ్యాయులకు తాడు పని, ఈత, నీటిలో రక్షణ నేర్పించాలి. తల్లిదండ్రులు కూడా అడ్మిషన్ రోజున ఫీజు, ర్యాంకుల గురించి అడిగిన నోటితోనే మరో రెండు ప్రశ్నలు అడగొచ్చు. మా అమ్మాయికి ఈత ఎప్పుడు నేర్పుతారు? నేర్పేది ఎవరు?