మొక్కలకు ఊపిరి పోస్తానన్న సంచి గారికి

మహారాజశ్రీ కార్బన్ డయాక్సైడ్ సంచి గారి దివ్య సముఖమునకు,

హైదరాబాదులోని ఒక ఫ్లాట్ చిన్న గదిలో, మొక్కలకు ఎండ బదులు వెలుగిచ్చే ఎల్ఈడీ గ్రో లైట్ల కింద పెరుగుతున్న లెట్యూస్ అనే సలాడ్ ఆకుకూర మొక్కల తరఫున రాసుకొను విన్నపము. ఈ ఉదయం తలుపు తీసేసరికి గదిగోడలు చెమర్చి ఉన్నాయి, ట్రేలలో కొబ్బరి పీచు మీద తెల్లటి బూజు పాకింది, లెట్యూస్ నడిమి లేతాకుల అంచులు అగ్గిపుల్లతో కాల్చినట్టు మాడి ఉన్నాయి. గదిలో వేలాడదీస్తే చాలు, ఆరు నెలల పాటు కార్బన్ డయాక్సైడ్ వదిలి మొక్కలను ఏపుగా పెంచుతానని చెప్పుకుని వచ్చిన తమరు మాత్రం మేకుకు నిశ్చింతగా వేలాడుతున్నారు.

తమ అట్ట మీది ఆజ్ఞ ప్రకారమే కిటికీ మూశాము, ఎగ్జాస్ట్ ఫ్యాను ఆపాము. ఫ్యాను తిరిగితే తమరి దానమంతా బయటికి పోతుందన్న వాదన న్యాయమైనదే. అయితే ఆ దానం ఎంతో ఒకసారి లెక్క చూసుకుందాం. తమరి కడుపులో ఉన్నది పుట్టగొడుగు బూజు పట్టించిన రంపపు పొట్టు. తడి తీసేస్తే మహా అయితే ఒక కిలో. ఆ కిలో పొట్టు నామరూపాల్లేకుండా కుళ్ళిపోయినా వెలువడే కార్బన్ డయాక్సైడ్ రెండు కిలోలకు లోపే. అది కూడా తమరు చెప్పుకున్న ఆరు నెలల మీద పంచితే రోజుకు సుమారు 10 గ్రాములు. మనిషి ఊరికే బతికి ఉన్నందుకే రోజుకు దాదాపు ఒక కిలో వదులుతాడు. అంటే నేను ఆ గదిలో కుర్చీ వేసుకుని పావుగంట, ఇరవై నిమిషాలు పేపరు చదివితే తమరి ఒక రోజు దానధర్మం పూర్తవుతుంది.

ఇంకో లెక్క కూడా చిత్తగించండి. బయటి గాలిలో ఈ వాయువు 420 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 420 పాళ్లు, పైచిలుకు ఉంది. పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులున్న గదిని ఆ గాలితో నింపితే అందులోనే 20 గ్రాములకు పైగా ఉంటుంది. కిటికీ ఒక్కసారి తెరిస్తే పైసా ఖర్చు లేకుండా వచ్చేదాన్ని తమరు రెండు రోజులు కష్టపడి ఇస్తారు, పైగా ఆ కిటికీనే మూయమంటారు!

పెద్ద గ్రీన్‌హౌసులలో 800 నుంచి 1000 పీపీఎం దాకా పెంచి దిగుబడి తీసే మాట నిజమే, కానీ అక్కడ మొక్కకు అందే వెలుగు వేరు. నా గదిలో మొక్కకు కొరత వెలుగు. 1000 వాట్లని డబ్బా మీద ముద్రించుకుని మీటరు దగ్గర 100 దాటని ఆ దీపం సంగతి మరో లేఖలో రాస్తాను. మనుషులు తొంగిచూడని గదిలో మొక్కలు కిక్కిరిసి ఉంటే పగటిపూట ఈ వాయువు బయటికన్నా బాగా తగ్గిపోతుందనీ ఒప్పుకుంటాను. దానికి మందు బయటి గాలే.

ఆకు అంచులు మాడినది కూడా గాలి ఆడకే. పాతకాలపు సోడియం దీపాలు ఆకును వేడెక్కించేవి, ఆ వేడికి భయపడైనా జనం ఫ్యాను వేసేవారు. ఎల్ఈడీ కింద ఆకు చల్లగా ఉంటుంది, నీటిని తక్కువగా ఆవిరి చేస్తుంది. గాలి కదలకపోతే ఆకును అంటుకుని తేమ పొర నిలిచిపోతుంది. ఆకు నుంచి నీరు ఆవిరైతేనే వేరు నుంచి కాల్షియం పైకి వస్తుంది. అది అందని లేతాకు అంచు మాడుతుంది. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఆకు నీటిని ఆవిరి చేసే సన్నని పత్రరంధ్రాలు ఇంకా ముడుచుకుంటాయి. అంటే తమరి వాగ్దానం నిజమై ఉంటే నా లెట్యూస్ ఇంకా ముందే మాడేది!

ఇక మర్యాద చాలు. రాత్రి దీపాలు ఆర్పాక మొక్కలే ఆ వాయువును వదులుతుంటే, నువ్వు కూడా ఎవరికోసం వదులుతున్నావు? డబ్బు పోయిందని కాదు నా బాధ. ఊరికే వచ్చే గాలిని నా చేతనే మూయించి, దాని బదులు నిన్ను కొనిపించావు చూడు, అది మింగుడుపడటం లేదు. కిటికీ తెరిచాను, చిన్న ఫ్యాను ట్రేల మీదుగా తిప్పాను, నిన్ను మేకు నుంచి దించాను. పొట్టు కుండీల ఎరువులోకి పోతుంది, అట్ట తడి చెత్తలోకా పొడి చెత్తలోకా అన్నది చెత్త బండి అబ్బాయి తేలుస్తాడు.

ఇట్లు,
నీకన్నా వంద రెట్లు ఊపిరి వదిలేవాడు